గేర్‌బాక్సు పోయిందన్నారు, ఆయిలు మాత్రం చూడలేదు



ఈ నెల కారు సంగతి రాస్తున్నాను. "మాకు కారెక్కడిది!" అని పేజీ తిప్పేయకండి. ఒకప్పుడు ఊరికి ఒక జీపు ఉంటే గొప్ప. ఇప్పుడు పాత కారు కొనుక్కున్న కుటుంబాలు మన పల్లెల్లో వీధికొకటి కనబడుతున్నాయి. పట్నంలో ఎవరో ఏడెనిమిదేళ్లు వాడి అమ్మినదాన్ని మనం తెచ్చుకుంటాము. ట్రాక్టరు నడిపిన చేతులకు గేర్ల కారు కొత్త కాదు. చిక్కంతా క్లచ్చి లేని ఆటోమేటిక్ కారుతోనే. దాని కడుపులో ఏమున్నదో మనకూ తెలియదు, చాలాసార్లు మన ఊరి మెకానిక్కుకూ తెలియదు.

మా బావగారు భువనగిరి దగ్గరి పల్లెలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. క్లచ్చి తొక్కడం ఆయనవల్ల కాదు. అక్కకు మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఉప్పల్ దాటి వెళ్లవలసి వచ్చినప్పుడు, కొన్నాళ్లు బస్సులో, కొన్నాళ్లు కిరాయి కారులో తిరిగారు. డయాలసిస్ అయిన మనిషిని ఉప్పల్ రింగురోడ్డులో బస్సు కోసం నిలబెట్టడం చూసినవారికే ఆ బాధ తెలుస్తుంది. ఆటోమేటిక్ కారుకు కుడికాలు ఒక్కటీ చాలు గనుక అటువంటిది కొనమని నేనే సలహా చెప్పాను. నాలుగేళ్ల క్రితం నాలుగు గేర్ల చిన్న పెట్రోలు కారు దొరికింది. అప్పటికే లక్షా తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది. పాత యజమాని దాచిన రసీదులన్నీ నేనే చూశాను. ఇంజనాయిలు వేళకు మార్చాడు, టైర్లు మార్చాడు, బ్యాటరీ మార్చాడు. గేర్‌బాక్సు ఆయిలు రసీదు ఒక్కటీ లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఆ తప్పు నాది.

రెండేళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత పొద్దున్నే గేరు 'డి' లో వేస్తే ఒకటి రెండు క్షణాలు కదలకుండా ఉండి, ఆ తర్వాత దబ్బున తోసినట్టు కదలడం మొదలైంది. రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు ఒక కుదుపు. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవరు పని 2018 లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ఆ దుమ్ములో, ఆ రద్దీలో ఆగుతూ కదులుతూ వచ్చేసరికి కారు మరీ మొరాయించేది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. వెనక బస్సు హారను, పక్కన నీరసంగా అక్క. బావగారు ధైర్యస్థుడే గాని ఒకరోజు ఇంటికి వచ్చి తాళాలు బల్లమీద పెట్టి, "ఇంక నావల్ల కాదురా" అన్నారు.

ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాము. పేరెందుకు లెండి. అరగంటలో వచ్చి, "గేర్‌బాక్సు పోయింది, మార్చాలి, తొంభై అయిదు వేలవుతుంది" అన్నారు. ఆ కారు అమ్మితే లక్షన్నర వస్తుందో రాదో. బావగారు అమ్మేయడానికే సిద్ధపడ్డారు. అమ్మితే మళ్లీ కిరాయి కార్లే, మళ్లీ ఎవరో ఒకరిని బతిమాలుకోవడమే. ఆయనకు కారు పోవడం కంటే అదే పెద్ద దెబ్బ.

నాచారం పారిశ్రామికవాడ పక్క సందుల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పని మాత్రమే చేసే ఒక ఉస్తాద్ ఉన్నాడని మా ఊరి డ్రైవరొకడు చెప్పాడు. హబ్సిగూడ దగ్గర కుడికి తిరిగి వెళ్లాము. రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు, గోడకు వేలాడుతున్న క్లచ్చి ప్లేట్లు. పెద్దాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి అడిగిన మొదటి మాట, "గేర్ ఆయిల్ ఎప్పుడు మార్పిచ్చిండ్రు సార్?"

బావగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"మరి గేర్‌బాక్స్ పోయిందని ఎట్ల చెప్పిండ్రు? ఆయిల్ తీసి చూసిండ్రా?"

చూడలేదు. పెద్ద కంప్యూటరు తగిలించారు, కాగితం ఇచ్చారు, ఆయిలు మాత్రం చూడలేదు.

ఆయన ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్కు లాగి తెల్లటి గుడ్డ మీద తుడిచాడు. ఈ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మా గుడ్డ మీద పడినది కాఫీ డికాక్షను. వాసన చూడమన్నాడు. అడుగంటిన పప్పు వాసన! అంత చిన్న పరీక్షకు తొంభై అయిదు వేల చీటీ రాసినవారికి తీరిక లేకపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆ ఆయిలు చేసే పనేమిటో చెప్పాలి. రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్చి వేయండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఆటోమేటిక్ కారులో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టరు ఇంచుమించు అదే. కాకపోతే గాలికి బదులు ఆయిలు. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే అది విసిరిన ఆయిలు రెండో చక్రాన్ని తిప్పుతుంది. అంతటితో దాని పని అయిపోలేదు. ఏ గేరు పడాలో ఆ గేరు తాలూకు సన్నని క్లచ్చి ప్లేట్లను గట్టిగా నొక్కి పట్టేది కూడా ఆ ఆయిలు ఒత్తిడే. సన్నని దారులు, చిన్న కవాటాలు గల ఒక పళ్లెం లాంటి భాగం ఆ ఒత్తిడిని ఎటు పంపాలో అటు పంపుతుంది. ఆ పైన గేర్లు అరగకుండా చూడటం, వేడిని బయటికి మోసుకుపోవడం కూడా దానిదే. మామూలు గేర్ల కారులో ఆయిలు కేవలం కందెన. ఇందులో అది కందెనతో పాటు చేయి కూడా, నెత్తురు కూడా. అది చెడితే గేర్లు ఉక్కువైనా ప్రయోజనం లేదు.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లకు హైడ్రామాటిక్ అనే పేరుతో నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ను 1939 లోనే తెచ్చారు. 1970ల మొదటి వరకు ఇటువంటి ఆయిళ్లలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారట. ప్లేట్లు జారకుండా, కుదుపు లేకుండా పట్టుకోవడానికి అది బాగా పనిచేసేది. ఆ తిమింగలాలు అంతరించిపోతున్నాయని అమెరికా ప్రభుత్వం అడ్డుకట్ట వేశాక రసాయనాలతో కొత్త ఆయిళ్లు తయారు చేసుకోవలసి వచ్చింది. యోనాను మింగిన గొప్ప మత్స్యం గురించి పిల్లలకు చెప్పే మనం, కార్ల గేర్లలోకి కూడా తిమింగలం వెళ్లిందని వింటే ఆశ్చర్యపోతాము.

ఈ ఆయిలుకు శత్రువు వేడి. ఖాళీ రోడ్డు మీద కారు పరుగెత్తుతుంటే గాలి తగిలి చల్లబడుతుంది. ఆగుతూ, పాకుతూ పోయేటప్పుడు లోపల చక్రాలు ఆయిలును చిలుకుతాయి గాని బండి కదలదు, గాలి తగలదు. ఆయిలు 80 డిగ్రీల దగ్గర ఉంటే చాలాకాలం నిలుస్తుంది. ఆ పైన సుమారు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుందని ఈ పనివాళ్ల లెక్క. మే నెలలో ఉప్పల్ చౌరస్తాలో అరగంట నిలిచిన కారుకు ఎంత వేడి ఎక్కుతుందో మీరే ఊహించండి. కొన్ని కార్ల పుస్తకాల్లో గేర్‌బాక్సు ఆయిలు మార్చనక్కరలేదని ఒక పేజీలో ఉంటుంది. కఠినమైన వాడకం అయితే ఇన్ని కిలోమీటర్లకు మార్చాలని మరో పేజీలో ఉంటుంది. ఎండ, దుమ్ము, రద్దీ, ఇవన్నీ ఆ కఠినమైన వాడకం కిందికే వస్తాయి. హైదరాబాదు కారు ఏ పేజీ కిందికి వస్తుందో చెప్పనక్కరలేదు.

అయితే పాత ఆయిలు మార్చితే చాలా? మార్చగానే గేర్‌బాక్సు పోయిందని చెప్పేవారు కూడా ఉన్నారు, వారు అబద్ధాలాడటం లేదు. ప్లేట్ల మీద కాగితం వంటి పూత ఉంటుంది. అది అరిగి పొడిగా ఆయిల్లో కలుస్తుంది. ఏనాడూ మార్చని కారులో ప్లేట్లు బొత్తిగా అరిగిపోయి ఉంటే, కొత్త ఆయిలు పోసినా పోయకపోయినా అవి జారతాయి. పోసిన వారంలో ఆగిపోతే నింద ఆయిలు మీద పడుతుంది. మరొకటి. యంత్రం తగిలించి ఒత్తిడితో మొత్తం ఆయిలు ఒక్కసారే కడిగించడం కొన్నిచోట్ల చేస్తారు. అడుగున పేరుకున్న మడ్డి లేచి ఆ సన్నని దారుల్లో ఇరుక్కోవచ్చని, లక్ష దాటిన కారుకు అది వద్దని మా ఉస్తాద్ పట్టుదల. దీనిలో పనివాళ్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. నాకు మాత్రం ఆయన మాటే సబబుగా తోచింది.

ఆయన పద్ధతి ఇది. కింది నట్టు విప్పి తనంతట వచ్చినంత ఆయిలు వదిలేయడం, వచ్చినంతే కొలిచి కొత్తది పోయడం. ఇలా చేస్తే మొత్తం మారదు. టార్క్ కన్వర్టరులో, పైపుల్లో మిగిలినది అలాగే ఉంటుంది. మూడోవంతో సగమో మాత్రమే వస్తుంది. పులుసులో ఉప్పెక్కువైతే సగం తీసి నీళ్లు పోస్తాము చూడండి, అలాగన్నమాట. సగం చొప్పున మార్చితే మొదటిసారికి సగం కొత్తది, రెండోసారికి ముప్పావు, మూడోసారికి ఎనిమిది పాళ్లలో ఏడు పాళ్లు కొత్తది అవుతుంది. గేర్‌బాక్సుకు అలవాటు పడే వ్యవధి కూడా దొరుకుతుంది.

మొదలుపెట్టే ముందు ఉస్తాద్ ఒక మాట సూటిగా చెప్పాడు. "సార్, ఛాంబర్ విప్పినంక లోపల రవ్వలు కనబడితే నేను ఆయిల్ పొయ్య. మీ పైసలు దండుగ. పొడి ఒక్కటే ఉంటే పోస్త. అప్పుడు గూడ గ్యారెంటీ ఇయ్య."

బావగారు కాసేపు ఆలోచించారు. "విప్పండి" అన్నారు.

ఆ పది నిమిషాలు మాకు బాగా పొడుగనిపించాయి. అక్క బయట స్టూలు మీద కూర్చొని ఉంది. ఛాంబరు అంటే గేర్‌బాక్సు అడుగున ఉండే రేకు పళ్లెం. అందులో చిన్న అయస్కాంతాలు ఉంటాయి. అరిగిన ఇనుప పొడి వాటికి అంటుకుంటుంది. కుర్రాడు దాన్ని దించి వెలుతురులోకి తెచ్చాడు. ఉస్తాద్ అయస్కాంతం మీది బూడిదరంగు బురదను వేలితో తీసి, బొటనవేలితో రాసి చూసి, బావగారి చేతికిచ్చాడు. "గుచ్చుతుందా?" గుచ్చలేదు. కాటుకలా మెత్తగా ఉంది. అటువంటి మెత్తని పొడి ప్రతి కారులోనూ ఉంటుందట. గోరుకు తగిలే రవ్వలు, మెరిసే ముక్కలు, నల్లని పూత పెచ్చులు ఉంటే ఆశ వదులుకోవడమే.

పళ్లెం కడిగి, అయస్కాంతాలు తుడిచి, ఫిల్టరు మార్చి, కొత్త ప్యాకింగు పెట్టి బిగించారు. ఈ కారులో ఫిల్టరు అడుగునుంచే అందింది. కొన్ని కార్లలో అది లోపల ఉండి, మొత్తం విప్పితే తప్ప చేతికి రాదు. అటువంటివాటికి ఆయిలు మాత్రమే మార్చి ఊరుకుంటారు.

ఏ ఆయిలు పోయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. అంగట్లో అన్ని కార్లకూ ఒకటే అని డబ్బాలు అమ్ముతారు. వాటి జోలికి పోకండి. కారు పుస్తకంలో ఏ పేరుందో అదే పేరు డబ్బా మీద ఉండాలి. హ్యుందాయ్ వారి పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లకు ఎస్.పి. మూడు, తర్వాత వచ్చిన ఆరు గేర్లవాటికి ఎస్.పి. నాలుగు. ఆ అంకెలు డబ్బాల మీద రోమను అక్షరాల్లో ఉంటాయి గనుక ఒకటికి రెండుసార్లు చూడండి. 2014 లో వచ్చిన హోండా సిటీ పెట్రోలు ఆటోమేటిక్‌లో గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది, దానిని సీవీటీ అంటారు. దానికి హెచ్.సి.ఎఫ్. 2 అనే వేరే ఆయిలు. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిలు పోస్తే బెల్టు జారి కప్పీలు గీరుకుపోతాయి. ఇక 2014 లోనే మారుతి సెలేరియోతో మొదలై తక్కువ ధర కార్లలో వ్యాపించిన ఏఎంటీ అన్నది అసలు ఈ కోవకే చెందదు. అందులో ఉన్నది మామూలు గేర్‌బాక్సు, మామూలు క్లచ్చి ప్లేటే. మన కాలూ చేయీ చేసే పనిని యంత్రం చేస్తుంది. దానికి ఈ ఎర్ర ఆయిలు అక్కరలేదు, దాని జబ్బులు వేరు. మీ కారు ఈ మూడింటిలో ఏదో తెలుసుకోకుండా ఎవరి సలహా వినవద్దు, నాది కూడా.

పోసిన తర్వాత కొలత చూడటంలో చాలామంది పొరబడతారు. ఇంజనాయిలు లాగా చల్లని బండిలో చూస్తే లెక్క తప్పుతుంది. మా కారును మొదట ఒక అయిదారు కిలోమీటర్లు తిప్పి, చదునైన చోట నిలిపి, ఇంజను ఆపకుండా, బ్రేకు మీద కాలుంచి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి తీసి, అప్పుడు చూశారు. హోండా వారి పాత ఆటోమేటిక్‌లలో అయితే వేడెక్కిన ఇంజను ఆపిన తర్వాత నిమిషం, నిమిషంన్నర మధ్యలో చూడాలి. కొన్ని కార్లకు డిప్‌స్టిక్కే ఉండదు, పక్కన ఉన్న బోల్టు విప్పి చూడాలి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకోకండి. ఎక్కువైతే గేర్లు దానిని మజ్జిగలా చిలికి నురగ చేస్తాయి. నురగకు ఒత్తిడి ఉండదు, ప్లేట్లు జారతాయి.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో కూర్చొని ప్రతి కుదుపూ లెక్కపెట్టాను. పెద్ద మార్పేమీ లేదు. నిజం చెప్పాలి కదా. 'డి' లో వేసినప్పుడు ఆలస్యం కొంచెం తగ్గింది, అంతే. అయిదు వందల కిలోమీటర్లకు రెండోసారి, ఆ పైన వెయ్యి కిలోమీటర్లకు మూడోసారి మార్చారు. రెండోసారి తర్వాత ఉప్పల్ రద్దీలో ఇంజను ఊరికే అరవడం పోయింది. మూడోసారి దించిన ఆయిలు ఇటుకరంగులో వచ్చింది. రెండు నుంచి మూడుకు మారేటప్పటి కుదుపు మాత్రం చలికాలం పొద్దుటి పూట ఇప్పటికీ ఉంది. అది ప్లేట్ల అరుగుదల, ఆయిలుతో పోయేది కాదని ఉస్తాద్ చెప్పాడు. మూడుసార్ల ఆయిలు, ఫిల్టరు, ప్యాకింగు, కూలీ అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర అయింది. ఈ గేర్‌బాక్సు ఇంకెన్నాళ్లు వస్తుందో ఎవరూ చెప్పలేరు. బావగారు నెలకు కొంత పక్కన వేస్తున్నారు.

పల్లెల్లో ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. బ్యాటరీ దిగితే నలుగురం చేరి కారును తోయడం మనకు అలవాటు. మామూలు ఆటోమేటిక్ కారు తోస్తే స్టార్టు కాదు. గేర్లకు ఆయిలు తోడే పంపును తిప్పేది ఇంజనే. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే గేరు పట్టదు. ఎంత దూరం తోసినా ఆయాసమే మిగులుతుంది. వేరే బండి బ్యాటరీ నుంచి వైర్లు కలిపి స్టార్టు చేయాలి. ఇంతకంటే నష్టమైనది ట్రాక్టరుకు తాడుకట్టి లాగించడం. చక్రాలతో పాటు లోపలి గేర్లు తిరుగుతుంటాయి, పంపు మాత్రం తిరగదు. ఆయిలు అందక పొడిగా రాసుకుంటాయి. ముందు చక్రాలతో నడిచే కారైతే ముందు చక్రాలు పైకెత్తి తీసుకుపోవాలి, లేదా లారీ మీద ఎక్కించాలి. భువనగిరి దాకా తాడుకట్టి లాగి, బాగున్న గేర్‌బాక్సును పాడుచేసుకున్నవారిని నేనెరుగుదును. అలాగే కారు పూర్తిగా ఆగకముందే రివర్సు వేయడం, పెట్రోలు మిగులుతుందని దిగుడులో న్యూట్రలు వేయడం మానుకోవాలి. నిలిపేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, ఆ తర్వాత 'పి' లో పెట్టాలి. లేకపోతే బండి బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది.

కొనబోయేవారు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచితే అడగండి ఎందుకని. బ్రేకు తొక్కి 'డి' లో, 'ఆర్' లో వేసి ఎంతసేపటికి అందుకుంటుందో చూడండి. ఒక క్షణం మించితే ఆలోచించాలి. తర్వాత రద్దీలో అరగంట తిప్పండి, ఎందుకనగా కొన్ని జబ్బులు వేడెక్కాకే బయటపడతాయి. డిప్‌స్టిక్కు ఉంటే తెల్ల గుడ్డ మీ వెంటే తీసుకుపోండి. గేర్‌బాక్సు ఆయిలు రసీదు అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. దింపిన పాత ఆయిలును చెదలకని గుంజలకు పూయడం, బావి పక్కన పారబోయడం వద్దు. డబ్బాలో పోసి మెకానిక్కుకే ఇచ్చేయండి, పాత ఆయిలు కొనేవాళ్లు వారి దగ్గరికి వస్తారు.

బావగారు ఇప్పుడు కారులో ఒక నోటుపుస్తకం ఉంచుతున్నారు. తేదీ, కిలోమీటర్లు, ఏ ఆయిలు, ఎన్ని లీటర్లు, అన్నీ బడి హాజరుపట్టీలా గీతలు కొట్టి రాస్తారు. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరుస్తారు, పొద్దున లేవగానే దానిమీద ఎర్రచుక్క పడిందేమో చూడటానికి. పోయిన మంగళవారం నేను వారింట్లోనే ఉన్నాను. అయిదున్నరకు టార్చిలైటుతో వంగి చూసి, "ఏమీ లేదు" అని అక్కకు కేకవేశారు. ఆరు గంటలకు ఇద్దరూ ఉప్పల్ బయలుదేరారు.